డిమాండ్ల పత్రం రాసే ముందు

ప్రభుత్వంతో చర్చలంటే చాలామందికి కళ్ల ముందు మెదిలేది సచివాలయంలో పొడుగాటి బల్ల. అటు మంత్రులు, ఇటు నాయకులు, బయట మైకులు. సంఘంలో కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లకూ మొదట్లో ఇదే ఊహ ఉంటుంది. మీరు మొన్ననే తాలూకా యూనిట్ కార్యదర్శిగా ఎన్నికై ఉండవచ్చు, లేదా శాఖా సంఘంలో ఏదో పదవికి మీ పేరు ఏకగ్రీవమై ఉండవచ్చు. మీకు నేను చెప్పేది ఆ బల్ల సంగతి తక్కువ, అక్కడికి వెళ్లక ముందు సంగతి ఎక్కువ. సర్కారుతో బేరం కంటే మనవాళ్లతో మనం ఆడాల్సిన బేరమే కష్టం. ఏ డిమాండు ముందు, ఏది వెనక, దేన్ని వదులుకోగలం అన్నది మనలో మనకు తేలకపోతే, అవతలివాళ్లే మన తరఫున తేల్చిపెడతారు.

ఆంధ్రప్రదేశ్ పదకొండో పీఆర్సీ కథ ఒకసారి నెమరువేసుకోండి. 2018 జూలై 1 నుంచి అమలు కావలసిన వేతన సవరణ అది. అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం ఫిట్‌మెంట్ సిఫారసు చేసింది. ఆ నివేదిక ఉద్యోగుల చేతికి రాలేదు. ఈలోగా ప్రధాన కార్యదర్శి ఆధ్వర్యంలోని అధికారుల కమిటీ 14.29 శాతం చాలంది. ఉద్యోగులేమో 2019 జూలై నుంచి 27 శాతం ఐఆర్ తీసుకుంటున్నారు. 2022 జనవరి 7న ముఖ్యమంత్రి 23 శాతం ప్రకటించి, పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచుతున్నామన్నారు. ఐఆర్ కన్నా ఫిట్‌మెంట్ తగ్గడం మింగుడుపడకపోయినా, నాయకులు ఆ సమావేశం నుంచి సంతృప్తిగానే బయటికొచ్చారు. ఇంటి అద్దె సంగతి అప్పటికి తేలనే లేదు.

పది రోజులకు జీవోలు వచ్చాయి. ఇంటి అద్దె భత్యం 24, 16, 8 శాతాల శ్లాబులకు దిగింది. సీసీఏ పోయింది. 70 ఏళ్లకు రావలసిన అదనపు పెన్షన్ 80 ఏళ్లకు జరిగింది. ఎక్కువగా తీసుకున్న ఐఆర్‌ను వెనక్కి రాబడతామన్నారు. ఐదేళ్లకోసారి వచ్చే రాష్ట్ర పీఆర్సీ బదులు ఇకపై కేంద్ర వేతన సంఘం బాటే అన్నారు. అప్పటిదాకా వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలు పెట్టినవాళ్లే నాయకులను నిలదీశారు.

ఇందులో నాయకుల చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. జరిగిన పొరపాటు వేరే చోట ఉంది. ఏళ్ల తరబడి సభ్యులకు మనం నేర్పిన అంకె ఒక్కటే, ఫిట్‌మెంట్. "అన్నా, ఫిట్‌మెంట్ ఎంత?" అని వాళ్లు అడుగుతారు, "ఇంత" అని మనం చెబుతాం, చప్పట్లు. జీతం పత్రంలో మిగతా గళ్లు ఉన్నాయని గుర్తొచ్చేసరికి జీవో వచ్చేసింది.

ఐదు జీతం పత్రాలు

కాబట్టి మొదటి పని ఉపన్యాసం కాదు, లెక్క. మీ యూనిట్‌లోంచి ఐదుగురి జీతం పత్రాలు తీసుకోండి. ఒక ఆఫీస్ సబార్డినేట్, ఒక జూనియర్ అసిస్టెంట్, పల్లెటూరి బడిలో పనిచేసే ఎస్జీటీ, ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే సూపరింటెండెంట్, ఒక పెన్షనర్. ప్రతి ప్రతిపాదననూ ఈ ఐదుగురి మీద వేసి చూడండి.

2022 నాటి అంకెలతోనే చేసి చూపిస్తాను. పాత మూల వేతనం 30,000 అనుకుందాం. దానికి 2018 జూలై 1 నాటి డీఏ 30.392 శాతం కలపాలి, పైన ఫిట్‌మెంట్ వేయాలి. 23 శాతంతో 46,018 రూపాయలు. 27 శాతంతో 47,218. మాస్టర్ స్కేలులో పై మెట్టుకు జరపడాన్ని ఇక్కడ పక్కన పెడితే, అందరూ గొంతు చించుకున్న ఆ నాలుగు శాతం తేడా నెలకు 1,200 రూపాయలు.

ఇప్పుడు ఇంటి అద్దె చూడండి. జనవరి జీవో ప్రకారం ఐదు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లన్నిటికీ 8 శాతమే, అంటే 3,681. నిరసనల తరవాత ఫిబ్రవరిలో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంలో ఈ శ్లాబులు మారాయి. యాభై వేల లోపు ఊళ్లకు 10, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా 12, ఆపైన, జిల్లా కేంద్రాల్లోనూ 16. చిన్న పట్టణంలో ఉన్న గుమాస్తాకు 8 నుంచి 12కు పెరగడం వల్ల నెలకు 1,841 రూపాయలు తిరిగొచ్చాయి. చిన్న జిల్లా కేంద్రంలో ఉన్నాయనకు 3,681. వీళ్లిద్దరికీ ఫిట్‌మెంట్ నాలుగు శాతం కన్నా ఇంటి అద్దె మీద కొట్లాడటమే చేతికి ఎక్కువ తెచ్చింది.

పల్లెలో పనిచేసే టీచరు సంగతి? 8 నుంచి 10కి పెరిగితే ఆమెకు వచ్చింది 920. ఫిట్‌మెంట్ పెరిగి ఉంటే 1,200 వచ్చేది. అదీగాక ఫిట్‌మెంట్ మూల వేతనంలో కలిసిపోతుంది. దాని మీద డీఏ వస్తుంది, ఇంక్రిమెంటు వస్తుంది, రేపు పెన్షను దాని మీదే కడతారు. ఇంటి అద్దె రిటైరైన మర్నాడే ఆగిపోతుంది. పెన్షనరుకు దాంతో పనే లేదు.

ఫిబ్రవరి 5 అర్ధరాత్రి ఒప్పందం కుదరగానే కొన్ని ఉపాధ్యాయ సంఘాలు 23 శాతం కదలలేదంటూ అడ్డం తిరిగాయి. పట్టుదల అన్నారు కొందరు, రాజకీయం అన్నారు మరికొందరు. ఉంటే ఉండవచ్చు. ఈ లెక్క చూస్తే మాత్రం ఆ కోపానికి రూపాయల్లో కూడా ఒక కారణం ఉందని తెలుస్తుంది. ఒకే ఒప్పందం కలెక్టరేట్‌లో కూర్చున్నవాళ్లకు ఒకలా, ఊరి బడిలో ఉన్నవాళ్లకు ఇంకోలా అందింది. ఈ తేడాను జనవరిలోనే కాగితం మీద పెట్టుకుని, ఒకే గదిలో కూర్చుని తేల్చుకుని ఉంటే ఫిబ్రవరిలో టీవీల ముందు తేల్చుకోవాల్సిన అవసరం వచ్చేది కాదు.

లెక్క తయారయ్యాక దాన్ని మీ దగ్గర దాచుకోకండి. తాలూకా సమావేశంలో బోర్డు మీద రాయండి. "మన డిమాండ్లు పద్నాలుగు. అందులో మూడు వస్తే ఒప్పుకుంటారా? ఏ మూడు?" అని అడగండి. మొదట అందరూ పద్నాలుగూ కావాలంటారు. కాసేపు ఆగండి. పెన్షనరు ఒక మాట అంటాడు, సీపీఎస్ కుర్రాడు ఇంకో మాట అంటాడు. 2004 సెప్టెంబర్ తరవాత చేరినవాడికి పాత పెన్షను తప్ప ఇంకేదీ చెవికెక్కదు. ఆ గొడవ మీ ముందు జరగడమే మంచిది. అక్కడ నోరు మూయించిన మనిషి ఊరుకోడు, చర్చలు జరుగుతున్న రాత్రి పదకొండింటికి గ్రూపులో నోరు తెరుస్తాడు.

పిలవాలన్న చట్టం లేదు

ఇంకో నిజం కూడా కొత్తవాళ్లకు ముందే తెలియాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల సంఘంతో సర్కారు బేరానికి కూర్చుని తీరాలనే చట్టం మనకు లేదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. శాంతియుతంగా ప్రదర్శన చేసుకోవచ్చని కామేశ్వర్ ప్రసాద్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె హక్కు మాత్రం లేదంది. 2003లో తమిళనాడులో సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ఉద్యోగులను ప్రభుత్వం ఒక్క దెబ్బతో ఇంటికి పంపినప్పుడు, రంగరాజన్ కేసులో అదే కోర్టు ఇంకా గట్టిగా, చట్టపరంగానే కాదు నైతికంగానూ ఆ హక్కు లేదని తీర్పు చెప్పింది. ఆ వాక్యం మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. జీతం రాని మనిషి నైతికత గురించి కోర్టు చెప్పాల్సిన పనేమిటన్నది అందులో ఒకటి. కానీ నాయకుడిగా మీరు దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. ఎస్మా అనే మాట మీ సమ్మె నోటీసు అందిన మరుక్షణం వినబడుతుంది.

కేంద్ర ఉద్యోగులకు కాస్త మెరుగైన ఏర్పాటు ఉంది. 1960 జూలైలో జరిగిన ఐదు రోజుల సమ్మె తరవాత, బ్రిటన్‌లోని విట్లీ కౌన్సిళ్ల తరహాలో, 1966లో జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ వచ్చింది. క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన జాతీయ మండలి కూర్చుంటుంది. జీతభత్యాలు, వారానికి పని గంటలు, సెలవులు అనే మూడింటి మీద ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తిత్వానికి వెళ్లే వీలుంది. రాష్ట్రాల్లో జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది. ప్రధాన కార్యదర్శి పిలిస్తే జరుగుతుంది, పిలవకపోతే లేదు.

అందుకే సంఘానికి గుర్తింపు ప్రాణం. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఉద్యోగ సంఘం జీతాలు ఆలస్యమవుతున్నాయని గవర్నరుకు మొరపెట్టుకుంది. గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. మీ సభ్యత్వ రిజిస్టరు, చందా రసీదులు, ఎన్నికల నోటీసు, ఆడిట్ ఏటికేడు సరిగ్గా ఉన్నాయా? విసుగు పుట్టించే పనే, కాదనను. కానీ మీ మీద కోపం వచ్చిన రోజున అధికారి మొదట తెరిచేది ఆ ఫైలే.

చట్టం చేయూత లేనప్పుడు మిగిలేది ఐక్యత, ఆపైన సమయం ఎంచుకోవడం. నల్ల బ్యాడ్జీలు, భోజన విరామంలో నిరసన, రిలే దీక్షలు, కలెక్టరేట్ ముట్టడి, చలో, పెన్‌డౌన్, చివరికి సమ్మె. ఈ వరస మన పెద్దలు ఊరికే పెట్టలేదు. ప్రతి మెట్టు దగ్గరా ప్రభుత్వానికి పిలిచే అవకాశం ఇస్తాం. ఆఖరి మెట్టు మొదటే ఎక్కితే ఇక దిగే దారి ఉండదు.

2022లో నాలుగు జేఏసీలు కలిసి పీఆర్సీ సాధన సమితి కట్టాయి. ఎప్పుడూ ఒకరి పేరు ఒకరు ఎత్తని నాయకులు ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుంచి సమ్మె అని నోటీసు ఇచ్చారు. ఈలోగా ఒక విచిత్రం జరిగింది. కొత్త జీతాల బిల్లులు చేయాల్సింది ట్రెజరీ ఉద్యోగులే, వాళ్లూ మనవాళ్లే. మా జీతం మేమే తగ్గించుకుంటూ బిల్లు చేయాలా అని వాళ్లు మొరాయించారు. పైనుంచి మెమోలు వచ్చాయి. ఉద్యమం బలం ఎక్కడుంటుందో నాయకులకన్నా ముందు ఆర్థిక శాఖకు తెలుసు, అందుకే మెమోలు అంత త్వరగా వచ్చాయి. ఫిబ్రవరి 3న చలో విజయవాడ. పోలీసులు అనుమతి ఇవ్వలేదు, దారుల్లో ఆపారు, ఇళ్ల దగ్గర కాపలా పెట్టారు. అయినా వేలమంది బీఆర్టీఎస్ రోడ్డు చేరారు. ఆ జనాన్ని చూశాక చర్చలకు పిలుపు వచ్చింది. రెండు రోజుల్లో ఒప్పందం కుదిరింది.

అయితే ఆ పదిహేను రోజుల్లో ఒక మాట మన నాయకుల కాళ్లకు అడ్డం పడింది. జీవోలు ఆపండి, జనవరి జీతం పాత పద్ధతిలో ఇవ్వండి, మిశ్రా నివేదిక బయటపెట్టండి, అప్పుడే చర్చలకు వస్తాం అన్నారు. మంత్రుల కమిటీ ఎదురుచూస్తూ కూర్చుంది, ఇదిగో మేం సిద్ధమే అని టీవీల్లో చెప్పుకుంది. చివరికి జీవోలు ఆపకుండానే మనం వెళ్లాం. వెళ్లడం తప్పు కాదు. ముందస్తు షరతు పెట్టేటప్పుడు, అది నెరవేరకపోయినా తలవంపులు లేకుండా బల్ల దగ్గరికి వెళ్లే దారి ఒకటి మనసులో ఉండాలి. మూడు షరతుల్లో రెండిటిని మొదటి సమావేశపు ఎజెండాగా పెట్టమని అడిగి ఉంటే, మొరాయించింది ఎవరో జనానికి వేరేగా కనబడేది.

ఇరవై ఆరు డిమాండ్లు

డిమాండ్ల వరస తేలకుండా చివరి మెట్టు ఎక్కితే ఏమవుతుందో తెలంగాణ ఆర్టీసీ సమ్మె చెబుతుంది. 2019 అక్టోబర్ 5న, దసరా ముంగిట, దాదాపు 48 వేల మంది విధులు బహిష్కరించారు. ఆర్టీసీ కార్మికులు ఆఫీసు ఉద్యోగుల్లా కాదు. పారిశ్రామిక వివాదాల చట్టం వాళ్లకు అప్పట్లో వర్తించేది, నోటీసు ఇచ్చి సమ్మె చేయడానికి అందులో పద్ధతి ఉంది. ఆ మేరకు వాళ్ల చేతిలో ఒక ఆయుధం ఎక్కువే. డిమాండ్లు 26. వాటి నెత్తిన కూర్చున్నది సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది. పక్క రాష్ట్రంలో విలీనానికి నిర్ణయం జరిగింది కాబట్టి ఇక్కడా కావాలన్నారు, న్యాయమే. కానీ మిగతా ఇరవై అయిదింటిలో కొన్ని యాజమాన్యం స్థాయిలో, ఒక సర్క్యులర్‌తో తీరేవి. విలీనానికి మాత్రం ముఖ్యమంత్రి మనసు మారాలి. గడువులోగా చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టే అని ముఖ్యమంత్రి అనేశాక, ఆ చిన్న డిమాండ్ల గురించి మాట్లాడే గొంతే వినబడలేదు. సెప్టెంబర్ జీతాలు రాలేదు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. నలభై రోజుల తరవాత, నవంబర్ 14న, విలీనం డిమాండును తాత్కాలికంగా పక్కన పెడుతున్నామని జేఏసీ ప్రకటించింది. 52 రోజులకు, నవంబర్ 25న, సమ్మె ముగిసింది.

డిసెంబర్ 1న ముఖ్యమంత్రి డిపోల నుంచి కార్మికులను భోజనానికి పిలిచి మాట్లాడారు. సెప్టెంబర్ జీతం, సమ్మె కాలపు జీతం, పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంపు, ఇంకా కొన్ని వరాలు. యూనియన్లు మాత్రం ఆ గదిలో లేవు. యూనియన్ల స్థానంలో సంక్షేమ మండలి వచ్చింది. విలీనం బిల్లు 2023 ఆగస్టులో, ఎన్నికల ముందు, వచ్చింది. ఇది చదివి "చూశారా, చివరికి అన్నీ వచ్చాయి" అనేవాళ్లుంటారు. వచ్చాయి, కానీ మనం ఒప్పందంగా తెచ్చుకున్నవి కావు, ఆయన ఇచ్చినవి. ఇచ్చిన చెయ్యి ఎప్పుడు ఆగుతుందో అడిగే చోటు సంఘానికి మిగలలేదు. అదే విలీనాన్ని దీర్ఘకాలిక డిమాండుగా వేరే పత్రంలో ఉంచి, అక్టోబర్‌లో నాలుగింటి మీదే కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పలేం. కానీ ఆ ప్రశ్న సెప్టెంబర్‌లోనే డిపో డిపోకూ వేసుకోవాల్సింది.

ఇక అవతలి పక్షం. మంత్రి నవ్వుతూ మాట్లాడతాడు, పక్కన కూర్చున్న ఆర్థిక శాఖ అధికారి కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉంటాడు. మీరు ఒప్పించాల్సింది ఆయన్ని. ఒక్క శాతం ఫిట్‌మెంట్‌కు ఖజానా మీద ఎంత పడుతుందో ఆయనకు తెలుసు, మీకూ తెలిసి ఉండాలి. బడ్జెట్ పుస్తకాలు, కాగ్ విడుదల చేసే నెలవారీ లెక్కలు ఎవరైనా చూడవచ్చు. మీ సంఘంలో లెక్కల్లో దిట్ట అయినవాళ్లను ఇద్దరిని ఈ పనికి కూర్చోబెట్టండి. ఉపన్యాసకులు మనకు ఎప్పుడూ కొదవ లేదు. కమిషన్ సిఫారసే తుది అంకె కాదని గతం చెబుతోంది. 2015 ఫిబ్రవరిలో 29 శాతం సిఫారసు మీద రెండు రాష్ట్రాలూ కొద్ది రోజుల తేడాతో 43 ఇచ్చాయి. 2021 మార్చిలో తెలంగాణ 7.5 శాతం సిఫారసు మీద 30 ఇచ్చింది. అలాగని 43ను ప్రతిసారీ కొలబద్దగా పెట్టకండి. అది రాష్ట్రం విడిపోయిన కొత్తలో, ఒకరిని చూసి ఒకరు ఇచ్చిన అంకె. ఆ పోటీ మళ్లీ రాలేదు.

చర్చల్లో మీ తరఫున మాట్లాడేది ఒక్కరే ఉండాలి, రాసుకునేవాళ్లు ఇద్దరుండాలి. మధ్యలో విరామం అడగడానికి మొహమాటపడకండి. బయటికొచ్చి, తలుపు వేసుకుని, మీ ఐదు జీతం పత్రాలు మళ్లీ ముందేసుకుని లెక్క చూసుకోండి. అర్ధరాత్రి దాటాక అందరికీ ఇంటికి వెళ్లాలనే ఉంటుంది, తప్పులన్నీ ఆ వేళకే జరుగుతాయి.

ఒప్పందం కుదిరాక మినిట్స్ చేతికి వచ్చేదాకా గది దాటకండి. ప్రతి అంశం పక్కనా ఏ శాఖ జీవో ఇవ్వాలి, ఏ తేదీ లోపు, ఏ నెల నుంచి నగదుగా, ఎప్పటి నుంచి నోషనల్ అన్నవి ఉండాలి. తేదీ లేని అంశం వచ్చే సంవత్సరం మళ్లీ డిమాండుగా తిరిగొస్తుంది, డీఏ బకాయిల విషయంలో మనం చూస్తున్నది అదే. ఫిబ్రవరి 5 ఒప్పందంలో ఇంటి అద్దె శ్లాబులు మారాయి, ఐఆర్ రికవరీ ఆగింది, సీసీఏ కొనసాగింది, ఐదేళ్ల పీఆర్సీ తిరిగొచ్చింది, 70 ఏళ్ల పెన్షనర్లకు 7 శాతం, 75 దాటితే 12 శాతం అదనంగా కుదిరింది. ఇవన్నీ జీవోలుగా వచ్చింది ఫిబ్రవరి 20న. ఆ పదిహేను రోజులూ నాయకులకు తీరిక ఉండకూడదు. ముసాయిదా కోసం ఆర్థిక శాఖ చుట్టూ తిరగాలి, జీవో వచ్చిన రాత్రే మినిట్స్ పక్కన పెట్టుకుని పేరా పేరాకూ సరిచూడాలి. ఎక్కడైనా తేడా కనబడితే ఫోన్లతో సరిపెట్టకుండా మర్నాడే తపాలా విభాగంలో లేఖ ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. నెలాఖరు బిల్లులు ట్రెజరీకి వెళ్లిపోతే అదే తేడాను అనామలీ కమిటీ ముందు మొదటి నుంచి వాదించాల్సి వస్తుంది.